విదేశాల్లో ఫిలిపినో కార్మికులు: ఆరోగ్యం, డబ్బు, బతుకు తీరు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

గల్ఫ్‌లోనో సింగపూర్‌లోనో పనిచేసి వచ్చిన తెలుగువాళ్ళకి ఫిలిపినోలు కొత్తవాళ్ళు కారు. సూపర్‌మార్కెట్ కౌంటర్లో, ఆస్పత్రి వార్డులో, హోటల్ రిసెప్షన్లో, ఒక్కోసారి పక్క గదిలో కూడా వాళ్ళే ఉంటారు. అయినా వాళ్ళ గురించి మనవాళ్ళు చెప్పుకునే మాటలు రెండు మూడే: ఎప్పుడూ నవ్వుతుంటారు, జీతం రాగానే ఖర్చుపెడతారు, రేపటి గురించి ఆలోచించరు.

ఇందులో నిజం కొంచెమే ఉంది. వాళ్ళు ఏం తింటారో, ఎంత పంపుతారో, ఎందుకు దాచలేరో, జబ్బు వస్తే ఎందుకు బయటికి చెప్పరో చాలావరకు వీసా షరతులు, కాంట్రాక్టు, ఇంటి దగ్గర ఎదురుచూసే మనుషులు కలిసి తేలుస్తారు. అలవాట్ల గురించి అడిగినా, జవాబు దగ్గరికి వచ్చేసరికి చట్టాల గురించీ అప్పుల గురించీ మాట్లాడాల్సి వస్తుంది.

ఓఎఫ్‌డబ్ల్యూ అని వింటుంటాం. వాళ్ళు ఎవరు, ఎంతమంది?

ఓవర్సీస్ ఫిలిపినో వర్కర్. కాంట్రాక్టు మీద బయటి దేశానికి వెళ్ళి, అది ముగిశాక ఇంటికి రావలసిన మనిషి. అమెరికా, కెనడాల్లో పౌరసత్వం తీసుకుని ఉండిపోయినవాళ్ళు ఈ లెక్కలోకి రారు. ఫిలిప్పీన్స్ గణాంక సంస్థ సర్వేలో 2023కి తేలిన సంఖ్య 21.6 లక్షలు. అందులో సగానికి పైగా ఆడవాళ్ళు. ప్రతి ఐదుగురిలో ఒకరు సౌదీలో ఉన్నారు, తర్వాతి స్థానం యూఏఈది.

ఆడవాళ్ళలో చాలామంది ఇళ్ళలో పనికి వెళ్ళినవాళ్ళే. మన కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్ళు కువైట్‌కి ‘ఖద్దామా’ వీసా మీద వెళ్ళి చేసే పనే అది.

ప్రభుత్వమే వాళ్ళని పంపిస్తుందా?

పంపించే ఏర్పాటు ప్రభుత్వానిదే. అధ్యక్షుడు ఫెర్డినాండ్ మార్కోస్ పాలనలో 1974లో వచ్చిన కార్మిక చట్టంతో ఇది మొదలైంది. చమురు ధరలు పెరిగి గల్ఫ్‌లో కట్టడాలు లేస్తున్న రోజులవి. ఇటు ఫిలిప్పీన్స్‌లో ఉద్యోగాలూ లేవు, డాలర్లూ లేవు. కొన్నాళ్ళ ముచ్చట అనుకున్నది యాభై ఏళ్ళు దాటింది. 1988లో అధ్యక్షురాలు కొరజోన్ అకీనో హాంగ్‌కాంగ్ వెళ్ళి, అక్కడ ఇంటిపని చేస్తున్న ఆడవాళ్ళని దేశపు కొత్త వీరులని పొగిడారు.

ఏడేళ్ళ తర్వాత, 1995 మార్చి 17న, సింగపూర్‌లో ఫ్లోర్ కాంటెంప్లేసియన్ అనే ఇంటిపని కార్మికురాలిని హత్య కేసులో ఉరితీశారు. ఆమె నిర్దోషి అని నమ్మిన లక్షల మంది ఫిలిపినోలు తమ ప్రభుత్వం మీదే మండిపడ్డారు. ఆ ఏడాది జూన్ 7న వలస కార్మికుల చట్టం వచ్చింది. ఇప్పటికీ ఆ తేదీనే వలస కార్మికుల దినం జరుపుతారు. 2021 డిసెంబరు 30న సంతకమైన ఇంకో చట్టంతో వీళ్ళకోసమే ప్రత్యేక మంత్రిత్వ శాఖ ఏర్పడింది.

2024లో బయటి నుంచి బ్యాంకుల ద్వారా ఫిలిప్పీన్స్‌కి చేరిన డబ్బు సుమారు 3,449 కోట్ల డాలర్లు. దేశ ఆర్థిక వ్యవస్థలో ఇది సుమారు 7.5 శాతం. అమెరికాలో స్థిరపడ్డవాళ్ళు పంపేది కూడా ఇందులో ఉంది కాబట్టి మొత్తాన్నీ కాంట్రాక్టు కార్మికుల ఖాతాలో వేయకూడదు.

వెళ్ళడానికి ఎంత ఖర్చవుతుంది?

రాతలో అయితే చాలా తక్కువ. 2006 నుంచి ఇంటిపనికి వెళ్ళేవాళ్ళ దగ్గర ఏజెంటు ఉద్యోగం ఇప్పించినందుకు ఒక్క పెసో (అక్కడి రూపాయి) కూడా తీసుకోకూడదు. ఓడల్లో పనిచేసేవాళ్ళ దగ్గరా అంతే. మిగతా ఉద్యోగాలకి గరిష్ఠంగా ఒక నెల జీతం. లైసెన్సు లేకుండా ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువమందిని మోసం చేసిన ఏజెంటుకి యావజ్జీవ శిక్ష పడుతుంది.

జరిగేది వేరు. ఫీజు పేరు మారుతుంది. ట్రైనింగ్ అంటారు, మెడికల్ అంటారు, ప్రాసెసింగ్ అంటారు, హాస్టల్ అంటారు. అన్నీ కలిపితే పల్లెటూరి కుటుంబం చేతిలో ఉండే డబ్బు కాదది. అప్పు చేస్తారు. అక్కడ బాగా పేరున్న అప్పు ‘ఫైవ్-సిక్స్’: ఐదు తీసుకుంటే ఆరు కట్టాలి. ఈ వ్యాపారాన్ని మోటార్‌సైకిళ్ళ మీద వీధివీధీ తిరిగి రోజువారీగా వసూలు చేసే పంజాబీలతో ముడిపెట్టి చెప్పుకుంటారు. ఫిలిప్పీన్స్‌లో చాలామంది పిల్లలకి భారతీయుడంటే మొదట తెలిసేది ఆ మనిషే.

ఈ అప్పు సంగతి ముందు చెప్పడానికి కారణం ఉంది. మొదటి నెలల జీతం అప్పుకే పోతుంది. ఆ నెలల్లో ఒంట్లో బాగాలేదని చెబితే వెనక్కి పంపేస్తారేమో అన్న భయం. వెనక్కి వెళ్తే అప్పు అలాగే ఉంటుంది, జీతం ఉండదు. అందుకే నొప్పిని దాచుకుని పనిచేసే అలవాటు విమానం దిగిన రోజు నుంచే మొదలవుతుంది.

జీతం ఎంత? అందులో ఇంటికి ఎంత పంపుతారు?

ఇంటిపనికి ఫిలిప్పీన్స్ 2006లో పెట్టిన కనీస జీతం నెలకి 400 డాలర్లు. దాదాపు రెండు దశాబ్దాలు అదే అంకె నడిచింది, ఆ మధ్యలో బియ్యం ధర ఎక్కడికి పోయిందో చెప్పక్కర్లేదు. హాంగ్‌కాంగ్‌లో కనీస జీతం 2025 సెప్టెంబరు చివరి నుంచి 5,100 హాంగ్‌కాంగ్ డాలర్లు. తిండి పెట్టకపోతే దాని పైన 1,236 డాలర్లు ఇవ్వాలి. నర్సులకీ ఇంజనీర్లకీ ఓడల్లో ఆఫీసర్లకీ దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది.

పంపేది మనిషిని బట్టి. ఓడల్లో పనిచేసేవాళ్ళకి మాత్రం ఇష్టంతో పనిలేదు: మూల జీతంలో కనీసం 80 శాతం నేరుగా ఇంటికి వెళ్ళాలని కాంట్రాక్టులోనే ఉంటుంది. విదేశంలో సంపాదించిన దాని మీద ఓఎఫ్‌డబ్ల్యూలు ఫిలిప్పీన్స్‌లో ఆదాయపు పన్ను కట్టక్కర్లేదు.

వాళ్ళు డబ్బు దాచుకోరట, నిజమేనా?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళ గొంతులో చాలాసార్లు జాలి కంటే తీర్పే ఎక్కువ వినిపిస్తుంది. కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి.

జీతం వచ్చిన రోజు ఏం జరుగుతుందో చూడండి. ఇంటి కరెంటు బిల్లు, అమ్మ బీపీ మాత్రలు, పిల్లల స్కూలు ఫీజు, తమ్ముడి కాలేజీ, తుఫానుకి లేచిపోయిన పైకప్పు రేకులు. ఫిలిప్పీన్స్‌కి ఏటా ఇరవై దాకా తుఫానులు వస్తాయి. ఇల్లు ఒక్కసారి కట్టుకుంటే అయిపోయే ఖర్చు కాదక్కడ. పెద్ద పిల్ల విదేశం వెళ్ళి రెండోవాడిని చదివించడం, వాడు ఉద్యోగంలో చేరి మూడోదాన్ని చదివించడం చాలా కుటుంబాల్లో పద్ధతి. వీటిని ఖర్చులంటారో, దాచడమంటారో మీరే చెప్పండి. బ్యాంకు పుస్తకంలో కనిపించదు గానీ, ఒక చెల్లెలు నర్సయితే అది ఆ కుటుంబం దాచుకున్న డబ్బే.

ఇంకో పక్క కూడా ఉంది, దాన్ని కప్పిపెట్టను. సెలవుకి ఇంటికి వచ్చిన మనిషి ఊరందరికీ ఏదో ఒకటి తేవాలి. ఖాళీ చేతులతో వస్తే తలవంపు. విందు పెట్టాలి, అడిగినవాళ్ళకి లేదనకూడదు, పుట్టిన బిడ్డకి జ్ఞానమాతగా నిలబడాలి. రెండేళ్ళ కష్టం నెల రోజుల్లో కరిగిపోయి, తిరుగు ప్రయాణానికి మళ్ళీ అప్పు చేసినవాళ్ళున్నారు. అక్కడివాళ్ళే దీన్ని ‘ఒక్కరోజు లక్షాధికారి’ అని చెప్పుకుని బాధపడతారు. దుబాయ్ నుంచి జగిత్యాల వచ్చిన మనవాడు మొదటి వారం పెట్టే ఖర్చు చూసినవాళ్ళకి ఇది వింతగా అనిపించదు.

దాచడం నేర్పే మంచి ప్రయత్నాలు కూడా జరుగుతున్నాయి. హాంగ్‌కాంగ్‌లో ఎన్రిచ్, సింగపూర్‌లో ఐదా అనే సంస్థలు ఇంటిపని చేసే ఆడవాళ్ళకి సెలవు రోజున డబ్బు లెక్కలు, చిన్న వ్యాపారం నేర్పుతున్నాయి. అక్కడ మొదట నేర్పే వాటిలో ఒకటి ‘లేదు’ అని చెప్పడం. ఇంటికి ఫోన్ చేసి, ఈ నెల ఇంతే పంపగలను అని గొంతు వణకకుండా చెప్పగలగడం. నా ఉద్దేశంలో వడ్డీ లెక్కల కంటే అదే కష్టమైన పాఠం.

వాళ్ళు ఇంటికి పంపే ఆ పెద్ద పెద్ద అట్టపెట్టెలు ఏమిటి?

బాలిక్‌బయాన్ బాక్సులు. సబ్బులు, టూత్‌పేస్టు, చాక్లెట్లు, డబ్బాల్లో కార్న్‌డ్ బీఫ్, బూట్లు, తువ్వాళ్ళు ఏడాది పొడుగునా కొంచెం కొంచెంగా కొని నింపి ఓడలో పంపిస్తారు. చేరడానికి వారాలు పడుతుంది, ఒక్కోసారి రెండు నెలలు. క్రిస్మస్‌కి అందాలంటే సెప్టెంబరు, అక్టోబరుల్లోనే పంపేయాలి.

సబ్బు మనీలాలో దొరకదా అని మనవాళ్ళు నవ్వుతారు. దొరుకుతుంది. కానీ ప్రతి వస్తువు మీదా ఒక పేరు రాసి ఉంటుంది, ఇది నీకు, ఇది అత్తకి అని. 2015లో కస్టమ్స్ వాళ్ళు ఈ పెట్టెలు విప్పి చూస్తామన్నప్పుడు దేశమంతా గొడవ రేగింది. మరుసటి ఏడాదే చట్టం మార్చి, పన్ను లేకుండా పంపగల విలువని 10,000 పెసోల నుంచి 1,50,000 పెసోలకి పెంచారు. ఏడాదికి మూడుసార్లు ఆ మినహాయింపు వాడుకోవచ్చు.

మన చీటీల్లాంటివి వాళ్ళకి ఉన్నాయా?

ఉన్నాయి, పలువాగన్ అంటారు. పదిమంది కలిసి నెలనెలా ఒకే మొత్తం వేస్తారు, వంతు వచ్చినవాళ్ళు మొత్తం తీసుకుంటారు. మన చీటీ పాటలాగా పాడుకుని తగ్గించుకోవడం మామూలుగా ఉండదు. వంతు లాటరీ వేసో, మాట్లాడుకునో తేలుస్తారు. కాబట్టి వడ్డీ అనే మాటే లేదు.

ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, ముందే వంతు తీసుకున్న మనిషి కాంట్రాక్టు తెగి ఇంటికి వెళ్ళిపోతే వెనక ఉన్నవాళ్ళు మునుగుతారు. దీని పేరు చెప్పి ఆన్‌లైన్లో ముఖం తెలియనివాళ్ళతో నడిపే గ్రూపుల్లో మోసాలు చాలా ఎక్కువ. ఒకే ఇంట్లో, ఒకే చర్చిలో కలిసేవాళ్ళ మధ్య అయితే పరవాలేదు. అంతకు మించి వద్దు.

మరి నమ్మకంగా దాచుకునే మార్గం?

పాగ్‌ఇబిగ్ అనే ప్రభుత్వ గృహనిధి నడిపే ఎంపీ2 పథకం. నెలకి 500 పెసోల నుంచి వేయొచ్చు, అయిదేళ్ళ గడువు, రాబడి మీద పన్ను లేదు. 2024కి 7.10 శాతం ఇచ్చారు. అసలుకి ప్రభుత్వ హామీ ఉంది గానీ రాబడి ఏటా మారుతుంది. నెలకి ఇంత శాతం గ్యారంటీ అని ఎవరన్నా చెబితే అది ఇలాంటి పథకం కాదని అర్థం.

ఎస్ఎస్ఎస్ అనే పెన్షన్ నిధిలో చేరడం 2019లో అమల్లోకి వచ్చిన చట్టంతో ఓఎఫ్‌డబ్ల్యూలకి తప్పనిసరి అయింది. కానీ చాలా దేశాల్లో యజమాని వాటా కూడా కార్మికుడే కట్టుకోవాలి. ఫిల్‌హెల్త్ అనే ఆరోగ్య బీమా చందా 2020లో జీతంలో 3 శాతానికి పెంచబోతే, కరోనాలో ఉద్యోగాలు పోతున్న సమయంలో ఇదేమిటని పెద్ద నిరసన వచ్చి, చివరికి ఓఎఫ్‌డబ్ల్యూలకి దాన్ని వాళ్ళ ఇష్టానికి వదిలేశారు.

హాంగ్‌కాంగ్‌లో ఫిలిపినోలు అప్పుల్లో మునిగి ఉంటారంటారు, ఎందుకు?

అక్కడ ఫైనాన్స్ కంపెనీలు కాంట్రాక్టు కాగితం చూసి నిమిషాల్లో అప్పు ఇస్తాయి. చట్టం ఒప్పుకున్న గరిష్ఠ వడ్డీయే ఏడాదికి 60 శాతం ఉండేది. 2022 డిసెంబరు 30 నుంచి 48కి తగ్గించారు. ఒకరికి ఇంకొకరు హామీ ఉండటం, కొందరు పాస్‌పోర్టే తాకట్టు పెట్టడం మామూలైపోయింది. అప్పు తీసుకునే కారణం ఎక్కువసార్లు ఊళ్ళో ఆస్పత్రి బిల్లే. పాస్‌పోర్టు తాకట్టు చట్టవిరుద్ధం. మీకు తెలిసినవాళ్ళెవరన్నా ఆ పనిలో ఉంటే ఆపండి.

ఆరోగ్య పరీక్ష చేసే పంపుతారు కదా, మరి జబ్బులు ఎలా వస్తాయి?

మన దగ్గర గామ్కా మెడికల్ అని పిలిచే పరీక్షే గల్ఫ్‌కి వెళ్ళే ఫిలిపినోలకీ ఉంటుంది. టీబీ, హెపటైటిస్, హెచ్ఐవీ, ఆడవాళ్ళకి గర్భం. ఫిలిప్పీన్స్‌లో టీబీ ఎక్కువ. ఎప్పుడో నయమైపోయిన టీబీ మచ్చ ఎక్స్‌రేలో కనిపించినా చాలాచోట్ల ‘అన్‌ఫిట్’ రాసేస్తారు. ఆ ఒక్క మాటతో చేసిన అప్పంతా మెడకి చుట్టుకుంటుంది.

ఈ పరీక్ష యజమాని కోసం జరుగుతుంది, వెళ్ళే మనిషి కోసం కాదు. బీపీ ఉందని తేలితే దాన్ని ఎలా అదుపులో పెట్టుకోవాలో కూర్చుని చెప్పేవాళ్ళు తక్కువ. అందుకని ఏం చేస్తారంటే, పరీక్ష ముందు రోజుల్లో మాత్రలు వేసుకుని బీపీ దించుకుంటారు, ‘ఫిట్’ అనిపించుకుంటారు, వెళ్ళాక మానేస్తారు. మాత్రల డబ్బా ఎవరన్నా చూస్తే ఉద్యోగం పోతుందేమోనన్న భయం. దీని ఫలితం పక్షవాతం రూపంలో, కిడ్నీల రూపంలో నలభై అయిదు, యాభై ఏళ్ళకి బయటపడుతుంది.

బీపీ, షుగర్ మాత్రలు ఆపకూడదు. డాక్టరు రాసిన చీటీ వెంట ఉంచుకుని, కనీసం రెండు మూడు నెలలకి సరిపడా మందు తీసుకెళ్ళాలి. గల్ఫ్ దేశాల్లో కొన్ని మామూలు దగ్గు, నొప్పి మందులు కూడా నిషేధంలో ఉంటాయి కాబట్టి చీటీ లేకుండా ఏ మందూ సూట్‌కేసులో పెట్టకూడదు.

వాళ్ళ తిండి వల్లే బీపీ వస్తుందా?

తిండి పాత్ర పెద్దదే. మనలాగే వాళ్ళకీ అన్నం లేనిదే పూట గడవదు. అన్నం పక్కన ఏముంటుందన్నదే సమస్య. దుబాయ్, షార్జాల్లో బెడ్‌స్పేస్‌లో, అంటే ఒక్క మంచం మాత్రమే అద్దెకి తీసుకుని ఉండేవాళ్ళు ఒక ఫ్లాట్‌లో పదిమందికి పైగా ఉంటారు, పొయ్యి ఒకటే. వంతు వచ్చేసరికి రాత్రి పదకొండు. అప్పుడు నూడుల్స్ ప్యాకెట్టో, డబ్బాలో సార్డిన్ చేపలో, ఎండుచేపో వేసుకుని తినేస్తారు. సోయాసాస్, చేపల సాస్ ఎటూ ఉంటాయి. అంతా ఉప్పే.

ఇంట్లోనే ఉండి పనిచేసే ఆడవాళ్ళకి ఆ మాత్రం ఎంపిక కూడా లేదు. యజమాని ఏం పెడితే అది, ఎప్పుడు పెడితే అప్పుడు. మాంసం మిగలని రోజున గుడ్డు, గుడ్డు లేని రోజున రొట్టె.

మనవాళ్ళ పచ్చళ్ళు, అప్పడాలు, రాత్రి డ్యూటీ, లేబర్ క్యాంపు గుర్తు చేసుకుంటే ఇందులో ఎవరూ ఎవరికీ నీతి చెప్పే స్థితిలో లేరు. చేయగలిగింది చిన్నదే: సెలవు రోజున కూరగాయలు, పప్పు వండి డబ్బాల్లో ఫ్రీజర్లో పెట్టుకోవడం. వాళ్ళ పెసరపప్పు కూర ‘మొంగో’ మన పప్పుకి దగ్గరగా ఉంటుంది, చవక, ఉప్పు తక్కువతో కూడా రుచిగా వస్తుంది. నూడుల్స్‌లో వచ్చే మసాలా పొట్లం సగమే వేసుకున్నా ఉప్పు బాగా తగ్గుతుంది.

జబ్బు పడితే వైద్యం ఎవరు చేయిస్తారు?

హాంగ్‌కాంగ్‌లో ఇంటిపని చేసేవాళ్ళ వైద్యం ఖర్చు యజమానిదే, ప్రభుత్వాస్పత్రిలో స్థానికులకి తీసుకునే ఫీజే తీసుకుంటారు. చదవడానికి బాగుంది. 2019లో అక్కడ ఒక ఫిలిపినో ఇంటిపని కార్మికురాలికి క్యాన్సర్ అని తేలింది, ఉద్యోగం తీసేశారు. ఉద్యోగంతో పాటు వీసా, వీసాతో పాటు తక్కువ ఫీజు వైద్యం కూడా పోయింది. చందాలు పోగుచేస్తే గానీ చికిత్స నడవలేదు.

కాంట్రాక్టు తెగితే రెండు వారాల్లో దేశం వదలాలన్న నియమం అక్కడ 1987 నుంచి ఉంది. యజమాని ఇంట్లోనే ఉండాలన్న నియమం 2003లో వచ్చింది. విడి గది ఇవ్వాలన్న నియమం మాత్రం లేదు. వంటింట్లో, హాల్లో సోఫా మీద పడుకునేవాళ్ళున్నారు. ఇంట్లో అందరూ నిద్రపోయాక పడుకుని, అందరికంటే ముందు లేచే మనిషికి నడుంనొప్పి, తలనొప్పి, నిద్రలేమి రాకుండా ఎలా ఉంటాయి?

బెంగ, డిప్రెషన్ గురించి మాట్లాడుకుంటారా?

తక్కువ. ‘హోంసిక్’ అనే ఒక్క మాటలో అన్నీ సర్దేస్తారు. వీడియో కాల్ వచ్చాక దూరం తగ్గిందని అందరం అంటాం, అది నిజం కూడా. కానీ ఇంట్లో ప్రతి గొడవా, ప్రతి జ్వరమూ, ప్రతి డబ్బు అవసరమూ ఇప్పుడు గంటల్లో చేరుతుంది, ఏమీ చేయలేని చోట కూర్చుని వినాలి. ఇంకొకరి పిల్లకి అన్నం తినిపిస్తూ తన పిల్ల పుట్టినరోజుని ఫోన్లో చూసే తల్లి ఏమనుకుంటుందో ఆమెకే తెలుసు.

నిద్ర పట్టకపోవడం, ఏడుపు ఆగకపోవడం, చనిపోవాలనిపించడం వారాల తరబడి ఉంటే దాన్ని బెంగ అని వదిలేయకూడదు. హాంగ్‌కాంగ్‌లో 1981 నుంచి పనిచేస్తున్న మిషన్ ఫర్ మైగ్రెంట్ వర్కర్స్, సింగపూర్‌లో ‘హోమ్’ అనే సంస్థ లాంటివి కార్మికులకి సాయం చేస్తాయి. గల్ఫ్‌లో అలాంటి సంస్థలు దాదాపు లేవు. చర్చి, ఎంబసీ, స్నేహితులే దిక్కు.

ఆదివారం హాంగ్‌కాంగ్ రోడ్ల మీద అట్టముక్కలు పరుచుకుని కూర్చునేది వాళ్ళేనా?

వాళ్ళే. నగరం నడిబొడ్డున సెంట్రల్ అనే ప్రాంతంలో చేటర్ రోడ్డుకి ఆదివారం కార్లు రావు. వారానికి ఒక్కరోజు సెలవు, వెళ్ళడానికి సొంత గది లేదు, కాఫీషాపులో కూర్చుంటే డబ్బవుతుంది. కాబట్టి రోడ్డు మీదే అట్టపెట్టెలతో గోడలు కట్టుకుని తింటారు, జుట్టు కత్తిరించుకుంటారు, డాన్సు ప్రాక్టీసు చేస్తారు, పెట్టెలు సర్దుతారు, పక్కనే వరల్డ్-వైడ్ హౌస్ అనే భవనంలో డబ్బు పంపుతారు. సింగపూర్‌లో ఇదే సందడి ఆర్చర్డ్ రోడ్డులోని లక్కీ ప్లాజాలో ఉంటుంది. దుబాయ్‌లో ఊద్ మేథా సెయింట్ మేరీస్ చర్చి, బాస్కెట్‌బాల్ పోటీలు, జాలీబీ హోటల్.

వాళ్ళ ఆరోగ్యానికి ఈ ఒక్కరోజు చేసే మేలు ఏ మాత్రా చేయదని నా నమ్మకం. అందుకే సింగపూర్‌లో 2023 జనవరి 1 నుంచి నెలకి కనీసం ఒక సెలవుని డబ్బిచ్చి కొనేయడానికి వీల్లేదని నియమం పెట్టడం మంచి పని. నాలుగు సెలవుల్లో ఒక్కటే కదా అనిపిస్తుంది, నిజమే, అది చాలదు.

గర్భం వస్తే?

దేశాన్ని బట్టి బతుకే మారిపోతుంది. హాంగ్‌కాంగ్‌లో గర్భం కారణంగా ఉద్యోగం తీసేయడం నేరం, 40 వారాలు పనిచేసి ఉంటే 14 వారాల జీతంతో సెలవు కూడా వస్తుంది. సింగపూర్‌లో ఇంటిపని వీసా మీద ఉన్నవాళ్ళకి ఆరు నెలలకొకసారి వైద్య పరీక్ష ఉంటుంది, గర్భం తేలితే సాధారణంగా ఇంటికి పంపేస్తారు. గల్ఫ్‌లో పెళ్ళి కాకుండా గర్భం వస్తే కేసు భయం ఇంకా చాలా దేశాల్లో ఉంది, అందుకని ఆస్పత్రికే వెళ్ళరు. ఫిలిప్పీన్స్‌లో గర్భస్రావం చట్టవిరుద్ధం, కాబట్టి ఇంటికి వెళ్ళినా దారి లేదు. గర్భనిరోధం గురించి వెళ్ళే ముందే సూటిగా మాట్లాడటం అన్నిటికంటే మేలు.

ఇంటి దగ్గర పిల్లల సంగతి?

అమ్మమ్మలు, నాయనమ్మలు, పిన్నిలు పెంచుతారు. ఫిలిప్పీన్స్‌లో ముస్లింలకి తప్ప విడాకుల చట్టం లేదు, పెళ్ళి రద్దు చేయించుకోవాలంటే కోర్టుకి చాలా డబ్బు కావాలి. కాబట్టి దూరంతో తెగిపోయిన కాపురాలు కాగితం మీద అలాగే ఉండిపోతాయి. 2022లో ఒక మంచి మార్పు జరిగింది: తక్కువ జీతపు ఉద్యోగంలో భార్యో భర్తో ఏడాదికి పైగా విదేశంలో ఉంటే, ఇంట్లో పిల్లల్ని చూసుకునే మనిషిని ఒంటరి తల్లిదండ్రులకిచ్చే సాయాల పరిధిలోకి తెచ్చారు.

నర్సులూ, ఓడ ఉద్యోగులూ బాగానే ఉంటారు కదా?

జీతం వరకు బాగానే ఉంటారు. కానీ అమెరికాలోని రిజిస్టర్డ్ నర్సుల్లో ఫిలిపినోలు 4 శాతమే అయినా, కరోనా మొదటి నెలల్లో చనిపోయిన నర్సుల్లో మూడోవంతుకి దగ్గరగా వాళ్ళే ఉన్నారని అక్కడి నర్సుల సంఘం 2020లో లెక్క తేల్చింది. ఐసీయూల్లో, వృద్ధుల వార్డుల్లో వాళ్ళే ఎక్కువ ఉండటం అందుకు ఒక కారణం.

ఓడల్లో కాంట్రాక్టు ఉన్నన్నాళ్ళే జీతం. ఒడ్డుకి వచ్చిన నెలల్లో దాచుకున్నది తినాలి, మళ్ళీ ఎక్కాలంటే మళ్ళీ ‘ఫిట్’ కాగితం కావాలి. బీపీ దాచే అలవాటు వీళ్ళలో ఇంకా బలంగా ఉంటుంది. 2024 సెప్టెంబరులో వీళ్ళ హక్కుల కోసం ప్రత్యేక చట్టం వచ్చింది.

అక్కడ చనిపోతే కుటుంబానికి ఏమొస్తుంది? మనతో పోలిస్తే?

ఈ జవాబు తెలుగువాళ్ళు శ్రద్ధగా చదవాలి.

ఏజెన్సీ ద్వారా వెళ్ళిన ప్రతి ఫిలిపినోకి 2010 చట్ట సవరణ ప్రకారం ఏజెన్సీయే బీమా కట్టాలి. మామూలుగా చనిపోతే 10,000 డాలర్లు, ప్రమాదంలో అయితే 15,000, శాశ్వత వైకల్యానికి 7,500. దాని పైన 25 డాలర్ల సభ్యత్వంతో నడిచే ఓడబ్ల్యూడబ్ల్యూఏ సంక్షేమ నిధి నుంచి మామూలు మరణానికి లక్ష పెసోలు, ప్రమాదానికి రెండు లక్షలు వస్తాయి.

మన ప్రవాసీ భారతీయ బీమా యోజన 10 లక్షల రూపాయలిస్తుంది, కానీ ప్రమాద మరణానికీ శాశ్వత వైకల్యానికీ మాత్రమే. గల్ఫ్‌లో మనవాళ్ళ శవపేటికలతో వచ్చే కాగితాల మీద ఎక్కువగా కనిపించే మాట గుండెపోటు. దానికి ఈ బీమా వర్తించదు. తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్ మృతుల కుటుంబాలకి 5 లక్షలు ఇవ్వడం మొదలుపెట్టడం వెనక ఈ లోటే ఉంది. ఫిలిప్పీన్స్ నుంచి మనం నేర్చుకోవాల్సింది ఒక్కటి ఎంచుకోమంటే, మామూలు మరణాన్ని కూడా బీమాలోకి తేవడాన్నే ఎంచుకుంటాను.

తిరిగి వెళ్ళాక ఎలా బతుకుతారు?

చాలామంది జీపు కొంటారు, చిన్న కిరాణా కొట్టు పెడతారు, పందులు పెంచుతారు. ‘ఇది సౌదీ కష్టం’ అని అద్దం మీద రాయించుకున్న జీప్నీలు (జనాన్ని ఎక్కించుకుని తిరిగే జీపులు) మనీలా రోడ్ల మీద ఇప్పటికీ కనిపిస్తాయి. ఒకే వీధిలో నాలుగు కొట్లు లేస్తే నాలుగూ మూతపడతాయి, మళ్ళీ కాంట్రాక్టు కోసం వెతుకులాట మొదలవుతుంది. వాళ్ళకోసమే 2022 మే 1న పంపాంగాలోని శాన్ ఫెర్నాండోలో ఒక ఆస్పత్రి ప్రారంభించారు. మంచిదే, కానీ దీవుల దేశంలో ఒక్క ఆస్పత్రి ఎంతమందికి చేరుతుంది?

నాకు తెలిసిన ఫిలిపినో అమ్మాయికి జీతం ఇవ్వట్లేదు, కొడుతున్నారు. నేనేం చేయాలి?

ముందు ఆమె పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు పేజీల ఫొటోలు మీ ఫోన్లోకో ఆమె ఇంట్లోవాళ్ళకో పంపించుకోమనండి. యజమాని పూర్తి పేరు, ఇల్లున్న ఏరియా, లొకేషన్ కూడా. గాయాలుంటే తేదీతో ఫొటోలు తీయాలి. ఆ దేశంలోని ఫిలిప్పీన్స్ ఎంబసీలో వలస కార్మికుల కార్యాలయం ఉంటుంది, ఫిర్యాదు అక్కడ చేయాలి. ఇంటి దగ్గరున్న కుటుంబం మనీలాలో 1348 నంబరుకి ఫోన్ చేసి అదే ఫిర్యాదు నమోదు చేయించాలి. రెండువైపులా నమోదైతే కేసు త్వరగా కదులుతుంది.

ప్రాణానికి ముప్పుంటే పోలీసులకి ఫోన్ చేయండి. గల్ఫ్‌లో అయితే ఒక జాగ్రత్త: జాలిపడి ఆమెని మీ గదిలో దాచకండి. యజమాని పారిపోయిందని కేసు పెడితే ఆమెతో పాటు మీరూ ఇరుక్కుంటారు. ట్యాక్సీ మాట్లాడి నేరుగా ఎంబసీ గేటు దగ్గర దింపండి, లోపలికి వెళ్ళేదాకా అక్కడే ఉండండి.